టెక్ సందేహాలు: డీహైడ్రేటర్‌లో పుంటికూర ఎందుకు గోధుమ రంగుకు తిరుగుతోంది?

ప్రశ్న: ఐదు ట్రేల డీహైడ్రేటర్ కొన్నాను. ఫ్యాన్ అడుగున ఉంది. 70 డిగ్రీలు పెట్టి పాలకూర, పుంటికూర ఆరు గంటలు ఆరబెట్టాను. పాలకూర పచ్చగానే ఉంది. పుంటికూర గోధుమ రంగుకు తిరిగింది, పై ట్రేలో కాడలు ఇంకా మెత్తగా ఉన్నాయి. మెషిన్‌లో లోపమా?
– ఓ పాఠకురాలు, హన్మకొండ

జవాబు: రంగు విషయంలో మెషిన్ తప్పేమీ లేదు. పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ నడుమ మెగ్నీషియం ఉంటుంది. వేడికి పులుపు తోడైతే అది ఊడిపోయి, ఆ చోట హైడ్రోజన్ చేరుతుంది. మిగిలేది ఫియోఫైటిన్, దాని రంగే మీరు చూసింది. పప్పులో వేయగానే పుంటికూర రంగు మారడానికీ ఇదే కారణం. 50 డిగ్రీలకు తగ్గించండి. సమయం ఎక్కువ పడుతుంది, రంగు కొంత నిలుస్తుంది, పూర్తిగా మాత్రం కాదు. వంటసోడా కలపొద్దు: పచ్చదనం కోసం పులుపును చంపుకున్నట్టవుతుంది, సి విటమిన్ కూడా త్వరగా పోతుంది. పులుపు లేని పుంటికూర ఎవరికి కావాలి?

పాలకూర, తోటకూరలకు లెక్క వేరు. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, నీరు వార్చి 55 డిగ్రీల్లో పెట్టండి. రంగు, వాసన చెడగొట్టే ఎంజైములు ఆ నిమిషంలోనే ఆగిపోతాయి. కొంత సి విటమిన్ నీళ్లలోకి పోతుంది, అది తప్పదు. పుదీనా, కరివేపాకులను మాత్రం ముంచొద్దు, 45 డిగ్రీలు దాటనివ్వొద్దు. వాటి విలువంతా వాసనలోనే, అది వేడికి ఎగిరిపోతుంది.

ఇక పై ట్రే సంగతి. ఫ్యాన్ అడుగున ఉంటే వేడి గాలి కింది ట్రేల తేమను మోసుకుంటూ పైకి వస్తుంది, అందుకే పైది ఆలస్యం. రెండు గంటలకోసారి పైవి కిందికి, కిందివి పైకి మార్చండి. ఆకులు ఒకే పొరగా పరవండి, ముదురు కాడలు ముందే తీసేయండి. తెరపై కనిపించే డిగ్రీలను నమ్మకుండా ఒక విడి థర్మామీటర్ నడిమి ట్రేలో పెట్టి చూడండి.

ఎండిందో లేదో తూకంతో తేల్చండి. కిలో ఆకులో 880 గ్రాముల నీరుందనుకుంటే, మిగిలేది 120 గ్రాముల గట్టి పదార్థం. ట్రేలన్నీ కలిపి 130 గ్రాములకు దిగితే తేమ 8 శాతం లోపే. చేతిలో నలిపితే పెళపెళలాడాలి. చల్లారాకే డబ్బాలో పోయండి, వేడిగా మూస్తే లోపల చెమటపడుతుంది. వానకాలంలో ఆరిన ఆకు బయట ఉంచితే మళ్లీ తేమ పీల్చుకుంటుంది కాబట్టి చల్లారిన వెంటనే గాలి చొరని గాజు సీసాలోకి చేర్చి, వెలుతురు తగలని చోట పెట్టండి. రెండు రోజుల్లో గోడలకు నీటి చుక్క కనిపిస్తే మళ్లీ గంటసేపు ఆరబెట్టండి.