టెక్ సందేహాలు: లైనక్స్ అడ్మిన్ సర్టిఫికెట్‌కు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. ఇంతవరకు విండోస్ తప్ప మరొకటి వాడలేదు. లైనక్స్ అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగానికి రెడ్ హ్యాట్ సంస్థ ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ సర్టిఫైడ్ సిస్టం అడ్మినిస్ట్రేటర్) సర్టిఫికెట్ ఉంటే మంచిదంటున్నారు. అమీర్‌పేటలో కోర్సులో చేరాలా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా? పాత ప్రశ్నల పీడీఎఫ్ కొనుక్కుంటే చాలని స్నేహితుడు చెబుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు పీడీఎఫ్ సంగతి. దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే ఉండవు. రెడ్ హ్యాట్ లైనక్స్ సిస్టం మీకు అప్పగించి, ఈ యూజర్‌ను సృష్టించండి, ఈ డిస్కును విభజించండి, ఈ సర్వీసును నడిపించండి అని పనులు చెబుతారు. మెషీన్ రీబూట్ అయ్యాక కూడా మీరు చేసిన మార్పు నిలిచి ఉండాలి, లేకపోతే ఆ పనికి మార్కులు రావు. 300కి 210 వస్తే ఉత్తీర్ణత. ఇంటర్నెట్ ఇవ్వరు కానీ, సిస్టంలోనే ఉండే మాన్ పేజీలు (ఒక్కో కమాండ్‌ను ఎలా వాడాలో చెప్పే సహాయ పత్రాలు) చూసుకోవచ్చు. అందుకే కమాండ్లన్నీ బట్టీ పట్టడం కన్నా, కావలసిన మాన్ పేజీని క్షణాల్లో వెతికి చదవడం అలవాటు చేసుకోండి. పైగా లీకైన ప్రశ్నలు వాడటం పరీక్ష నిబంధనలకు విరుద్ధం.

ఇంట్లో నేర్చుకోవచ్చా అంటే, నిస్సందేహంగా నేర్చుకోవచ్చు. రెడ్ హ్యాట్ వారి డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ వ్యక్తులకు ఉచితం, 16 సిస్టంల వరకు వాడుకోవచ్చు. అది వద్దనుకుంటే అల్మాలైనక్స్, రాకీ లైనక్స్ ఉన్నాయి. రెడ్ హ్యాట్ లైనక్స్‌కు ఉచిత ప్రతిరూపంగా ఉన్న సెంటోస్ తీరు మారిపోతుందని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడ్డాక, ఆ ఖాళీని పూరించడానికి పుట్టినవి ఇవి. కమాండ్లు, ఫైళ్ల అమరిక రెడ్ హ్యాట్‌లో ఉన్నట్టే ఉంటాయి. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు వర్చువల్ మెషీన్లు (మీ కంప్యూటర్ లోపలే నడిచే ఊహా కంప్యూటర్లు) పెట్టుకుంటే మీ ప్రయోగశాల సిద్ధం.

ఆ మెషీన్‌ను చెడగొట్టడానికి భయపడకండి. చెడగొట్టి బాగుచేయడమే అసలు శిక్షణ. ముందుగా స్నాప్‌షాట్ (మెషీన్ ప్రస్తుత స్థితికి నకలు) తీసుకుని, ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్‌స్టాబ్ ఫైలులో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులను జోడించాలో చెప్పే ఫైలు ఇది) కొత్త పార్టిషన్ యూయూఐడీని, అంటే దాని గుర్తింపు కోడ్‌ను, కావాలని ఒక అక్షరం తప్పుగా రాసి రీబూట్ చేయండి. సిస్టం ఆ డిస్కు కోసం కాసేపు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి జారి, రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ అడుగుతుంది. అక్కడి నుంచి ఫైలు సరిచేసి బయటపడండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే, ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్నాక రీబూట్‌కు ముందు, అందులోని డిస్కులన్నీ జోడవుతున్నాయో లేదో తేల్చే ‘మౌంట్ -ఏ’ కొట్టి చూసుకోవడం చేతికి అలవాటైపోతుంది. పరీక్షలోనూ ఉద్యోగంలోనూ ఆ అలవాటే కాపాడుతుంది.

రెండో అభ్యాసం ఎస్ఈలైనక్స్ మీద. ఏ ప్రోగ్రాం ఏ ఫైలును ముట్టుకోవచ్చో ఫైళ్లకుండే లేబుళ్లను బట్టి నిర్ణయించే అదనపు రక్షణ వ్యవస్థ ఇది. వెబ్ సర్వర్ పెట్టి, మీ హోమ్ డైరెక్టరీలో ఒక పేజీ రాసి, ‘ఎంవీ’ కమాండ్‌తో సర్వర్ ఫోల్డర్‌లోకి తరలించండి. అనుమతులన్నీ సరిగానే కనిపిస్తాయి, బ్రౌజర్ మాత్రం 403 (అనుమతి లేదు) అని చూపిస్తుంది. తరలించినప్పుడు ఫైలు తన పాత లేబుల్‌ను వెంట తెచ్చుకోవడమే కారణం. ‘ఎల్ఎస్ -జడ్’తో ఆ లేబుల్ చూడండి, ‘రీస్టోర్‌కాన్’తో సరిచేయండి. చాలామంది ఇక్కడ విసుగొచ్చి ఎస్ఈలైనక్స్‌నే ఆపేస్తారు, లేదా ఫైలుకు 777 (అందరికీ అన్ని హక్కులు) అనుమతి ఇచ్చేస్తారు. దయచేసి ఆ దారి పట్టకండి. 777తో ఈ సమస్య ఎలాగూ తీరదు. ఎస్ఈలైనక్స్ ఆపితే పేజీ తెరుచుకుంటుంది కానీ, సర్వర్‌కు ఉన్న ఒక రక్షణను మీ చేతులతోనే తీసేసినట్టు.

ఇక అమీర్‌పేట. ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే చదువు సాగని వారికి తరగతి మేలే చేస్తుంది. అయితే చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ప్రతి విద్యార్థికీ రూట్ అనుమతితో విడి మెషీన్ ఇస్తారా?’ బోధకుడు తెరమీద చేసి చూపిస్తుంటే మీరు నోట్సు రాసుకునే పద్ధతి అయితే ఆ డబ్బు పరీక్ష రుసుముకు దాచుకోండి.

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ మూడేళ్ల వరకే చెల్లుతుంది. కాబట్టి దరఖాస్తులు మొదలుపెట్టే సమయానికి రాయండి, మరీ ముందే వద్దు. నేరుగా అంత పెద్ద పరీక్షకు వెళ్లడానికి జంకుగా ఉంటే ఎల్‌పీఐ (లైనక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్) సంస్థ నిర్వహించే లైనక్స్ ఎసెన్షియల్స్ పరీక్షతో మొదలుపెట్టవచ్చు. 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, సర్టిఫికెట్‌కు గడువు లేదు. కానీ అది పునాది మాత్రమే, దాన్ని చూసి అడ్మిన్ ఉద్యోగం ఇస్తారని ఆశించవద్దు.

ప్రశ్న: నా దగ్గర 2012లో కొన్న, మూడో తరం ఐ5 ల్యాప్‌టాప్ ఉంది. ర్యామ్ 8 జీబీ. లైనక్స్ సాధనకు సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ర్యామ్‌కు ఢోకా లేదు. ఒక్కో వర్చువల్ మెషీన్‌కు 2 జీబీ ఇచ్చి రెండు నడపవచ్చు. చిక్కు ప్రాసెసర్‌తోనే. రెడ్ హ్యాట్ లైనక్స్ 10కు ఏవీఎక్స్2 అనే ప్రత్యేక ఆదేశాలు తెలిసిన ప్రాసెసర్ కావాలి. ఇంటెల్ కోర్‌లో అవి 2013 నాటి నాలుగో తరంతో వచ్చాయి. మీ ల్యాప్‌టాప్‌లో వెర్షన్ 9 నడుస్తుంది, 10 నడవదు. అల్మాలైనక్స్ మాత్రం పాత ప్రాసెసర్ల కోసం వెర్షన్ 10ను విడిగా కూడా తయారుచేసి ఇస్తోంది. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పేరులో ‘వీ2’ ఉన్న ఫైలును ఎంచుకోండి. మీరు రాయబోయే పరీక్ష ఏ వెర్షన్ మీద నడుస్తోందో రెడ్ హ్యాట్ అధికారిక పేజీలో చూసి, అదే వెర్షన్ మీద సాధన చేయండి.