నాన్నగారి రికార్డు హార్లెమ్ బార్‌లో వేయించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి నెదర్లాండ్స్‌లో హార్లెమ్‌లో జాబ్ చేస్తోంది, వచ్చే నెల నేను వెళ్తున్నా. అక్కడ ఏదో పాతకాలం ఇంట్లో పెట్టిన చిన్న వినైల్ బార్ ఉందట, రికార్డులు వింటూ కూర్చోవచ్చు, తీసుకెళ్తా అంటోంది. నేను మందు ముట్టను, ఈ వయసులో బార్‌కా అని మావారు ఒకటే నవ్వు. మా నాన్నగారి తెలుగు రికార్డు ఒకటి ఉంది, తీసుకెళ్తే వేస్తారా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ రికార్డు ఏ రకమో చూడండి మేడమ్. లేబుల్ మీద 78 (నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతుందని) అని ఉండి, సైజు 10 అంగుళాలు, చేతికి బరువుగా, ఒక్కో వైపు ఒక్క పాటే ఉంటే అది వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసింది కాదు, లక్కతో చేసింది, మన దగ్గర 1960ల్లో కూడా అవి వచ్చేవి. దాని గాడి ఎల్‌పీ (33 స్పీడ్‌లో తిరిగే వినైల్ రికార్డు) గాడి కంటే బాగా వెడల్పు, ఎల్‌పీ సూది పెడితే అడుక్కి దిగిపోయి గరగరమంటుంది, పైగా ఇప్పటి టర్న్‌టేబుల్స్ (రికార్డు తిప్పే మెషీన్లు) చాలావాటికి 78 స్పీడే ఉండదు. ఇక సూట్‌కేస్‌లో పెట్టారంటే ముక్కలే, ఇంట్లోనే ఉంచేయండి. అదే 33 అని ఉంటే ఎల్‌పీ, హ్యాండ్ లగేజీలో నిలబెట్టి తీసుకెళ్ళొచ్చు, కానీ అమ్మాయితో ముందే ఆ బార్ వాళ్ళకి మెసేజ్ పెట్టించండి. మంచి సూది ఖరీదు మామూలుగా ఉండదు, దుమ్ము పట్టిన పాత రికార్డు చూస్తే వాళ్ళు జంకుతారు, వద్దంటే ఏమనుకోకండి. మధ్యలో లేచి వెళ్ళి ఈ పాట వేయండి అని అడగడం మాత్రం అస్సలు బాగోదు, అక్కడ రికార్డులు వేసే మనిషి ఒక వరసలో వేసుకుంటూ పోతుంటాడు.

మీవారికి చెప్పండి, ఇది చిందులేసే బార్ కాదు, జపాన్ పద్ధతి. 1920ల చివర్లో టోక్యోలో మొదలైంది, విదేశీ జాజ్ రికార్డు కొనడం మామూలోళ్ళ వల్ల అయ్యేది కాదు కదా, కేఫ్ వాడు కొనిపెడితే ఒక్క కాఫీతో గంటలు గంటలు కూర్చుని వినేవాళ్ళు. హార్లెమ్‌లో మీరు ఫ్రెష్ మింట్ టీ అడగండి, గ్లాసు వేడినీళ్ళలో పుదీనా కాడలతో సహా వేసి ఇచ్చేస్తారు, తీపి కావాలంటే మనమే కలుపుకోవాలి. క్యాష్ నమ్ముకోకండి, చాలా చోట్ల కార్డే.

సౌండ్ తక్కువగా ఉందేంటి అనిపించొచ్చు. అక్కడి పాత ఇళ్ళు సన్నగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పై అంతస్తులో కాపురాలుంటాయి, బేస్ పెంచితే గొడవే. నేల చెక్కదైతే నడిచినా సూది ఎగురుతుంది, అందుకే టర్న్‌టేబుల్‌ని గోడకి బిగించిన అరమీదో బరువైన రాతిపలక మీదో పెడుతుంటారు.

అన్నట్టు వినైల్ ప్రెస్ చేసే ప్రపంచంలోని పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటి, రికార్డ్ ఇండస్ట్రీ, ఆ ఊళ్ళోనే ఉంది, 1998లో సోనీ వదిలించుకుంటే వేరేవాళ్ళు కొని నడుపుతున్నారు. తమాషా ఏంటంటే ఈ రికార్డులకి పోటీగా 1963లో క్యాసెట్ తెచ్చిందీ, 1982లో సోనీతో కలిసి సీడీ తెచ్చిందీ కూడా డచ్ కంపెనీయే, ఫిలిప్స్!

కూర్చునేది రెండు స్పీకర్లకీ మధ్యలో, గోడకి అతుక్కోకుండా చూసుకోండి. ఆ సీట్లు రెండో మూడో ఉంటాయంతే, తలుపు తీసే టైమ్‌కే వెళ్ళిపోండి.