శతావరి తాగే ముందు రిపోర్టులు తెచ్చుకో బిడ్డా

బిడ్డా, నెలసరి రెండు నెలలకోసారి వస్తోందనీ, ఎవరో శతావరి తాగమన్నారనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తాగు, నేను వద్దనను. కానీ ముందు రక్తపరీక్ష చేయించుకో. థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, షుగర్ చూపించుకో, డాక్టర్ రాస్తే స్కానింగ్ కూడా. పెళ్లయినదానివి, గర్భం కాదని కూడా తేల్చుకో. నీ వయసులో నేను ఇవేవీ చూసుకోకుండా ఏడాదిపాటు ఎవరో ఇచ్చిన పొడి పాలలో కలుపుకుని తాగాను. బరువు పెరుగుతూనే ఉంది, జుట్టు ఊడుతూనే ఉంది, తీరా చూస్తే థైరాయిడ్. దానికి మాత్రే మందు, ఏ వేరూ దాన్ని మార్చదు. ఆ ఏడాది ఊరికే పోయింది, నీకలా కావద్దు.

శతావరి అంటే మన ఊరి పిల్లిపీచరే. ముళ్ల తీగ, కింద వేళ్లు గుత్తులుగా ఊరతాయి. హైదరాబాద్ బేగంబజార్‌కి వెళ్తే పొడి తీసుకోకు, అందులో ఏం కలిసిందో చూసి చెప్పలేం. ఎండిన వేరే అడుగు. లేత పసుపు తెలుపు, నిలువునా ముడతలు, నమిలితే ముందు తీపి, ఆ తర్వాత కొంచెం చేదు. వానాకాలంలో తేమ పట్టి బూజొస్తుంది కాబట్టి పావుకిలో కూడా ఎక్కువే, వంద గ్రాములు చాలు.

ఆ వేరు మిక్సీ పట్టిన పొడి చెంచాడు గ్లాసు పాలలో మరిగించి రాత్రి తాగు. ఒకవేళ థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే దాన్ని పొద్దున పరగడుపున నీళ్లతోనే వేసుకో, ఈ పాలకూ దానికీ నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, గర్భం నిలిచినా ఆపేయి. రొమ్ములో గడ్డ ఉన్నా, గర్భసంచిలో గడ్డలున్నా డాక్టర్‌ని అడగకుండా అసలు ముట్టుకోకు.

అశోక బెరడు సంగతి కూడా అడిగావట. అది నెలసరిలో రక్తం ఎక్కువ పోయేవాళ్లకి ఇస్తారు, నీ బాధ వేరు. పైగా మన కాలనీల్లో గోడ పక్కన నిటారుగా పెరిగేది అశోక కాదు, నరమామిడి. అసలు అశోకకి నారింజ రంగు పూల గుత్తులు వస్తాయి. అశోక బెరడులో నరమామిడి బెరడు కలిపి అమ్మేవాళ్లున్నారు. అంతగా కావాలంటే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకుని వాళ్లు రాసిందే వాడు.

హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే పీసీఓడీ అని తేలితే టెన్షన్ పడకు, కానీ ఒక్క వేరుతో పోతుందని ఎవరు చెప్పినా నమ్మకు. రోజూ నడక, వేళకు తిండి, నిద్ర, వీటి తర్వాతే శతావరి పాలు. ఆదివారం రిపోర్టులు పట్టుకుని రా, వేరు నా దగ్గర ఉంది, నీ ఎదురుగానే మిక్సీ పట్టి ఇస్తాను.

మీ పెద్దమ్మ