సెంట్రల్ ఏసీ కోసం ఉన్న ఒక్క ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం మధురవాడ. రెండేళ్ల క్రితం జీ ప్లస్ వన్ ఇల్లు కట్టుకున్నాం, రెండంతస్తులూ కలిపి 2,600 చదరపు అడుగులు. నాకు 44 ఏళ్లు. పరవాడలో ఒక ఫార్మా యూనిట్‌లో పని చేస్తున్నాను, చేతికి 92,000 వస్తుంది. మా ఆవిడ ఇంట్లో ట్యూషన్లు చెబుతుంది, నెలకి 10,000 వరకు వస్తాయి. ఇంటి లోన్ 34,000, కారుకి 9,500 (ఇంకా 14 నెలలుంది), పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 41,000. నాన్నగారికి 73 ఏళ్లు, ఎండాకాలం ఉక్కపోతకి తట్టుకోలేకపోతున్నారు. బావమరిది ఇంట్లో సెంట్రల్ ఏసీ చూశాక మేమూ పెట్టించుకుందామని డీలరుని పిలిచాం. 5.5 టన్నుల డక్టబుల్ మిషన్లు (సీలింగ్ లోపలి గొట్టాల ద్వారా గదులన్నిటికీ చల్లగాలి పంపేవి) రెండు, డక్టు పని, ఫాల్స్ సీలింగ్ అన్నీ కలిపి 7,20,000 అన్నాడు. ఈ సైజు ఇంటికి ఇంతకంటే తక్కువలో రాదట. ఎఫ్‌డీ 4,10,000 ఉంది. మిగతా 3,10,000కి పర్సనల్ లోన్ (14 శాతం, మూడేళ్లు) తీసుకోవడం మంచిదా, బంగారం పెట్టడం మంచిదా? వేసవిలో ఇప్పటికే నెలకి 400 యూనిట్ల దాకా కాలుతుంది. కంపెనీ ఇన్సూరెన్స్ 5 లక్షలుంది, నాన్నగారు అందులో లేరు. గతేడాది రెండు నెలలు జీతం లేటైనప్పుడు ఎఫ్‌డీలోంచే తీసి గడుపుకున్నాం, తర్వాత మళ్లీ నింపాం. మార్చి ఆఖర్లో 60,000 బోనస్ వస్తుంది.

జవాబు: రెండూ వద్దు. ఏ అప్పు మంచిదని అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అప్పు కాదు, ఎఫ్‌డీ. ‘ఎఫ్‌డీ 4,10,000 ఉంది’ అని ఒక్క ముక్కలో రాసేశారు, అదేదో ఖాళీగా పడున్న డబ్బైనట్టు. రెండు లైన్ల కిందే, జీతం రాని రెండు నెలలూ ఆ డబ్బే కాపాడిందని మీరే చెప్పారు. మళ్లీ ఒకసారి ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చదువుకోండి. ఈ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం అదే. ఏసీకో, మాడ్యులర్ కిచెన్‌కో, అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కో ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఎఫ్‌డీని అడ్వాన్సుగా కట్టేసి, మిగతాది అప్పు చేసి, ఆర్నెల్ల తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు.

మీ లెక్కే తీసుకుందాం. ఇద్దరి సంపాదన 1,02,000. ఖర్చులు, కిస్తీలు అన్నీ కలిపి 84,500. మిగిలేది 17,500. ఇప్పుడు 3,10,000 పర్సనల్ లోన్ తీసుకుంటే నెలకి దాదాపు 10,600 కిస్తీ. మూడేళ్లలో వడ్డీయే 71,000 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. ఇక కరెంటు. 5.5 టన్నుల డక్టబుల్ మిషన్ పూర్తి లోడ్ మీద గంటకి 6 నుంచి 7 యూనిట్లు లాగుతుంది. పై అంతస్తు మిషన్ ఒక్కటే రాత్రి ఎనిమిది గంటలు వేశారనుకోండి. కంప్రెసర్ ఆగుతూ తిరుగుతూ ఉన్నా రోజుకి 28 యూనిట్లు ఎక్కడికీ పోవు. నెలకి 840. మీరు వేసవిలో 400 దగ్గరే ఉన్నారు కాబట్టి ఈ 840 యూనిట్లూ పై శ్లాబులోనే పడతాయి, యూనిట్ 9.75 రూపాయల చొప్పున. అంటే 8,190 రూపాయలు, బిల్లులో విడిగా వేసే ఇంధన సర్దుబాటు చార్జీలు కాక. కింది మిషన్ జోలికి నేనింకా పోనేలేదు.

కిస్తీ, కరెంటు కలిపితే 18,800 దగ్గరకొచ్చింది. మీకు మిగిలేది 17,500. మిషన్ బిగించిన మొదటి వేసవిలోనే నెలకి వెయ్యి, పదమూడొందలు చేతి నుంచి పడుతుంది. చేతిలో ఎఫ్‌డీ ఉండదు కాబట్టి అది క్రెడిట్ కార్డు మీదికి పోతుంది. అక్కడ బాకీ ఉంచితే ఏడాదికి 40 శాతం అటూఇటూ వడ్డీ. ఏసీ కొన్నది 14 శాతానికి, దాన్ని నడిపేది 40 శాతానికా!

డీలరు కొటేషన్లో కనపడని సంగతి ఇంకొకటుంది, నా దృష్టిలో అదే అసలుది. అత్యవసర నిధి అంటే కనీసం ఆరు నెలల ఖర్చు. మీకు ఇవాళ కావలసింది 84,500 ఆరింతలు, అంటే 5,07,000. ఉన్నది 4,10,000. ఏసీ పెట్టకముందే 97,000 తక్కువలో ఉన్నారు. పెట్టాక నెల ఖర్చు 1,03,000 దాటుతుంది, అప్పుడు కావలసిన నిధి 6,20,000కి చేరుతుంది. చేతిలో ఉండేది సున్నా. నెలనెలా ఖర్చు పెంచే వస్తువు ఏది కొన్నా ఆ నిధి కూడా దాంతో పాటు పెరగాలి. మీరేమో నిధిని ఖాళీ చేసి మరీ ఖర్చు పెంచుకోబోతున్నారు. ఈసారి జీతం రెండు నెలలు కాదు, ఒక్క నెల ఆగినా ఇంటి లోన్ కిస్తీ తప్పుతుంది.

బంగారం మాటకొస్తే, నాకు కోపం వస్తోంది, మన్నించండి. గోల్డ్ లోన్ వడ్డీ పర్సనల్ లోన్ కంటే తక్కువన్నది నిజమే. కానీ నెలనెలా కట్టక్కర్లేదు, ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చు అనే సౌకర్యమే కొంప ముంచేది. తిరగరాయించడం అలవాటైతే అసలు అలాగే ఉండిపోతుంది, ఒక ఏడాది కుదరకపోతే వేలం నోటీసు వస్తుంది. జీతం ఒకసారి ఆగిన ఇంట్లో ఆడమనిషి మెడలో బంగారం ఆఖరి ఆసరా. ఆస్పత్రిలో అర్ధరాత్రి అడ్వాన్సు కట్టాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేదాన్ని గాలి చల్లబరచడానికి పెడతారా? చీటీ పాడుకుని పెట్టేయొచ్చని ఎవరైనా సలహా ఇస్తే, పాడుకున్న చీటీ కూడా అప్పేనని చెప్పండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను సీతమ్మధారలో ఉన్నాను. బ్యాంకులో డబ్బుంది, కార్డులు రెండున్నాయి, పర్సులో మాత్రం నాలుగు వందలు కూడా లేవు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, ఏటీఎంలు లేవు. పాల ప్యాకెట్ కోసం నిలబడ్డ క్యూలో పక్కింటాయన రెండు వేలు చేతిలో పెట్టాడు. అత్యవసర నిధి గురించి అప్పటికే పదేళ్లుగా అందరికీ చెబుతున్నవాణ్ణి నేను! అప్పట్నుంచీ కొంత నోట్ల రూపంలో ఇంట్లో ఉండాలని కూడా చెబుతున్నాను. మీ నిధిలోంచి 15,000 బీరువాలో ఉంచండి. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉండాలి. మిగతాది ఒకే ఎఫ్‌డీగా కాకుండా లక్ష చొప్పున విడగొట్టండి, అవసరానికి ఒకటి తీస్తే మిగతావాటి వడ్డీ చెడదు. అన్నీ మీ ఆవిడ పేరు కూడా కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేలా పెట్టండి. మీరే ఆస్పత్రిలో పడితే ఆ డబ్బు ఆవిడ చేతికి రాకపోతే అది ఉన్నా లేనట్టే.

అలాగని నాన్నగారి ఉక్కపోతని నేను తీసిపారేయడం లేదు. మన ఊళ్లో ఎండ కంటే తేమే మనిషిని పిండేస్తుంది, 73 ఏళ్ల మనిషికి అది ప్రమాదం కూడా. కానీ ఆయనకి కావలసింది ఆయన గది చల్లబడటం, 2,600 అడుగులూ చల్లబడటం కాదు. డక్టబుల్‌తో ఇబ్బంది అదే. ఒక గదిలో ఒక మనిషి పడుకున్నా మిషన్ ఆ అంతస్తంతటికీ తిరుగుతుంది, గదిగదికీ వేరే కంట్రోలు పెట్టించాలంటే బడ్జెట్ కొటేషన్లో అది ఉండదు. పది అడుగుల ఎత్తున్న గదిలో డక్టు ఒక అడుగు తినేస్తుంది. ఆ మిషన్ ఆగిందంటే అంతస్తంతా ఆగినట్టే, సముద్రపు గాలికి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్ తుప్పు పట్టడం మన దగ్గర మామూలు విషయం. ఒకే అవుట్‌డోర్‌కి నాలుగు గదులు కలిపే మల్టీ స్ప్లిట్‌కీ ఈ చిక్కుంది. వీఆర్‌ఎఫ్ అని ఏ గదికి కావలసినంత చల్లదనం ఆ గదికే పంపే సెంట్రల్ ఏసీ ఒకటుంది, కరెంటు తక్కువ తింటుంది గానీ మీ బడ్జెట్ కాదు.

బోనస్ రాగానే 1.5 టన్నుల ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్ ఒకటి నాన్నగారి గదికి పెట్టించండి, బిగింపుతో కలిపి 45,000 పక్కన పెట్టుకోండి. రాగి కాయిల్ ఉండాలి, ఉప్పుగాలికి తట్టుకునే పూత ఉందో లేదో అడగండి. 24 డిగ్రీల మీద ఫ్యాన్‌తో కలిపి వేస్తే రాత్రికి అయిదారు యూనిట్లు. పై శ్లాబు రేటుకే లెక్కేసినా నెలకి 1,600 రూపాయలు. పిల్లల గదికి రెండోది వచ్చే ఏడాది, కారు కిస్తీ అయిపోయాక. పై అంతస్తులో ఫాల్స్ సీలింగ్ పని ఎప్పుడు చేయించినా, అప్పుడే గదులన్నిటికీ రాగి పైపు, నీళ్లు పోయే పైపు, వైరింగు లోపలే వేయించి చివర్లు సీలు చేయించేయండి. గోడల మీద పైపులూ వైర్లూ వేలాడవు, మిషన్లు మాత్రం డబ్బు ఉన్నప్పుడు ఒక్కొక్కటీ కొనుక్కోవచ్చు. డాబా మీద ఎండని వెనక్కి కొట్టే తెల్ల పూత వేయించడం అన్నిటికంటే చవక. సోలార్‌కి కేంద్రం 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ ఇస్తోంది, మంచిదే, కానీ నిధి నిండాకే.

‘జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే కొనాలి’ అని డీలరు అనే ఉంటాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద 28 శాతం 18కి తగ్గిన మాట నిజం. అది పండగ ఆఫర్ కాదు, వచ్చే ఏడాది కొన్నా ఉంటుంది. తొందరపడాల్సిన పని లేదు. ఆ రోజు నుంచే వ్యక్తిగత హెల్త్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ పూర్తిగా పోయింది. దానిమీద తొందరపడండి. నాన్నగారికి ఏ కవరూ లేదు. మీ అయిదు లక్షలు కూడా ఉద్యోగం ఉన్నంతవరకే. ముందు మీ ఇద్దరికీ, పిల్లలకీ కలిపి సొంతంగా ఒక ఫ్యామిలీ పాలసీ తీసుకోండి. నాన్నగారికి విడిగా సీనియర్ సిటిజన్ పాలసీ కోసం అడగండి, ఉన్న జబ్బులు ఒక్కటి కూడా దాచకుండా రాయండి. పాత జబ్బులకి మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు, ఎంత ఆలస్యం చేస్తే ఆ గడువు అంత వెనక్కి పోతుంది.

బోనస్‌లో ఏసీకి పోగా మిగిలే 15,000 నిధిలో వేయండి. తక్కువ పడేది 82,000. మార్చి నుంచి నెలకి 12,000 చొప్పున ఆర్‌డీ కడితే ఏడు నెలల్లో, అంటే సెప్టెంబరు ఆఖరుకి, తుఫాన్ల రోజులు వచ్చేసరికి, ఆరు నెలల ఖర్చు మీ చేతిలో ఉంటుంది. నెలకి మిగిలే 5,500 వేసవి కరెంటుకీ, హెల్త్ ప్రీమియానికీ. బిగుతుగానే ఉంటుంది, తెలుసు. కారు కిస్తీ అయిపోయేదాకా ఓర్చుకోవాలి.

డీలరుకి టోకెన్ అడ్వాన్సు ఏమైనా ఇచ్చారేమో మీరు రాయలేదు. ఇచ్చుంటే డక్టు పనికి కొలతలు తీసి షీటు కోయించకముందే ఫోన్ చేసి, రెండు మిషన్ల ఆర్డరు వద్దని, అదే అడ్వాన్సు ఒక స్ప్లిట్ ఏసీకి మార్చమని అడగండి. ఈ వారంలోనే అడగండి.