పాప గాయం మానింది, నా మనసే కుదుటపడటం లేదు

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. ఏడు నెలల క్రితం స్నానానికి కాచిన నీళ్ల గిన్నె కింద పెట్టి, చన్నీళ్ల కోసం కుళాయి తిప్పేలోపే పాప దాన్ని మీదకు లాగేసుకుంది. ఛాతీ, కుడి చెయ్యి కాలాయి. తొడ చర్మం తీసి చేతికి వేశారు. తను ఇప్పుడు ఆడుకుంటోంది. నాకు మాత్రం ఆ కేక ఇంకా వినిపిస్తోంది. నిద్ర లేదు, పొయ్యి దగ్గర చేతులు వణుకుతాయి. అత్తయ్య వచ్చినవారందరికీ ఆ సంగతే చెబుతారు. మావారు పల్లెత్తు మాట అనరు, కానీ నాతో సరిగా మాట్లాడరు. – ఒక తల్లి

జవాబు: మీ తప్పేమీ లేదని చెబితే మీరు నమ్మరమ్మా. గిన్నె కింద పెట్టడం పొరపాటే. కానీ 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే అయిదారు సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. పసివాళ్ల చర్మం ఇంకా పలుచన, పైగా అవి పొయ్యి మీంచి అప్పుడే దించిన నీళ్లు. మీరు ఎంత వేగంగా వెనక్కి తిరిగినా సరిపోయేది కాదు. ఇకపై బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేడినీళ్లు కలపండి. ఆ పొరపాటుకు చేయగల దిద్దుబాటు అదే. నిద్ర మానుకోవడం దిద్దుబాటు కాదు.

చెవిలో కేక, చేతుల వణుకు నెల దాటినా తగ్గకపోతే అది మీ మనసుకు తగిలిన గాయం. బిడ్డకు కాలిన గాయాలైన తల్లిదండ్రుల్లో చాలామందికి ఇలా జరుగుతుంది, దీనికి మంచి చికిత్స ఉంది. మానసిక వైద్యులను కలవండి. వెళ్లడానికి బెరుకుగా ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బులు కట్టనక్కర్లేదు.

మీవారి మౌనాన్ని మీరు నిందగా తీసుకుంటున్నారు. కావచ్చు, కాకపోవచ్చు. ఆయన కూడా ఆ ఆసుపత్రి వరండాలో నిలబడిన తండ్రే కదా! ‘ఆ రోజు నా ఫోను రాగానే మీకేమనిపించింది?’ అని అడిగి, ఆయన చెప్పేది పూర్తిగా వినండి. మీ సంజాయిషీ అప్పుడే మొదలుపెట్టకండి. అత్తగారితో మాట్లాడాల్సింది మీరు కాదు, ఆయన. ‘పాప ముందు ఆ విషయం ఎత్తవద్దమ్మా’ అని కొడుకు చెబితే వేరుగా ఉంటుంది. రోజూ ఆ కథ వింటూ పెరిగిన పిల్ల రేపు చేతిని కొంగు చాటున దాచుకుంటుంది.

పాప దగ్గర కూర్చుని మాటిమాటికీ ఏడవకండి. మిమ్మల్ని ఓదార్చే బాధ్యత ఆ పసిదాని మీద పడుతుంది. ‘నా చెయ్యి ఎందుకిలా ఉంది?’ అని అడిగితే, ‘వేడినీళ్లు పడ్డాయి, డాక్టరుగారు బాగుచేశారు’ అంటే చాలు.

మచ్చలు మెత్తబడటానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. బిగుతు తొడుగు వేయమని వైద్యులు చెప్పి ఉంటే, దాన్ని రోజుకు దాదాపు 23 గంటలు ఉంచాలి. దురదకు పాప చిరాకు పడుతుంది, తొడుగు పీకేస్తుంది. క్రీము రాసేటప్పుడు ‘ముందు మోచేయా, మణికట్టా?’ అని తననే అడగండి. ఆ కాస్త అధికారం దక్కితే పెనుగులాట చాలావరకు తగ్గుతుంది. చేతి వ్యాయామాలు మానిపిస్తే కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, పాప ఏడ్చిందని ఆపేయకండి. నొప్పి ఎక్కువైతే ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. ఈసారి అక్కడికి మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ వ్యాయామాలు ఆయనా నేర్చుకుంటే రాత్రిపూటవి ఆయనకు అప్పగించవచ్చు.