చిన్ననాటి భయం, పెద్దయ్యాక బీపీ

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. చిన్నప్పుడు నాన్న తాగొచ్చి అమ్మనీ మమ్మల్నీ కొట్టేవాడు. ఇప్పుడు నాకు బీపీ ఉంది, రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఆ రోజులే కారణమా?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: సంబంధం ఉంది. కానీ మీ బీపీకి అదే కారణమని ఎవరూ తేల్చలేరు. అమెరికాలోని శాన్ డియాగోలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 1995–97లో 17,000 మందికి పైగా పెద్దవాళ్లను చిన్ననాటి గురించి అడిగారు. 1998లో వచ్చిన తొలి ఫలితాల్లో, ఇంట్లో తాగుడు, దెబ్బలు, తల్లిపై హింస లాంటివి నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో చూసినవాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం ఏవీ చూడనివాళ్లకన్నా రెండింతలకు పైగా కనిపించాయి.

తలుపు చప్పుడుకే ఉలిక్కిపడుతూ పెరిగిన పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు ఊరికే ఎగసిపడుతుంటాయి. ఏళ్లు గడిచాక ఆ ప్రభావం రక్తనాళాల మీదా నిద్ర మీదా పడుతుంది. దానికి తోడు, మనసు కుదుటపడటానికి పట్టుకున్న సిగరెట్టు, మందు మరింత చెరుపు చేస్తాయి.

ఈ అధ్యయనం ఆధారంగా నెట్‌లో తిరిగే పది ప్రశ్నల స్కోరు చూసుకుని బెంబేలెత్తకండి. దాన్ని ఒక్కో మనిషి భవిష్యత్తు చెప్పడానికి వాడొద్దని ఆండాయే 2020లో హెచ్చరించారు. ఎన్నేళ్లు కొట్టారో, పక్కన ఏ అమ్మమ్మ అండగా నిలిచిందో ఆ అంకెకు తెలియదు.

ఏడు రోజులు ఇంట్లో బీపీ రాసుకోండి. పొద్దున, రాత్రి, టీ తాగిన అరగంటలోపు కాకుండా, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చున్నాక, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మొదటి రోజువి వదిలేసి సగటు తీయండి. 135/85 దాటితే ఆ కాగితంతో డాక్టర్‌ని కలవండి. ఇప్పటికే మాత్ర వేసుకుంటుంటే సొంతంగా ఆపొద్దు. గురక ఉంటే చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగడం కూడా బీపీ పెంచుతుంది. ‘చిన్నప్పుడు ఇంట్లో హింస చూశాను’ అన్న ఒక్క మాట చాలు, వివరాలు చెప్పి తీరాలని లేదు. మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా బస్తీలో తొమ్మిదో తరగతి పిల్లాడికి తండ్రి లేడు, తల్లి ఇళ్లలో పనికి వెళ్తుంది. వాడికి తోడుగా ఉండాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: ముందు ఏడాది పాటు రాగలరో లేదో తేల్చుకోండి. అమెరికాలో పిల్లలకు బయటి పెద్దలు తోడుండే ఇలాంటి జోడీలను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లల ఆత్మవిశ్వాసం తగ్గింది. ఏడాది దాటినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఒకసారి నమ్మి దెబ్బతిన్న పిల్లాడు రెండోసారి అంత తేలిగ్గా నమ్మడు.

తల్లి ఒప్పుకున్నాకే మొదలుపెట్టండి. వారానికొకసారి, అదే రోజు, అదే వేళకి, ఒక గంట. నలుగురూ కనిపించే చోటు కావాలి: దగ్గర్లోని కృష్ణకాంత్ పార్కు బాగుంటుంది. మొదటి నెలంతా లెక్కలు చేయడమో, క్యారమ్స్ ఆడటమో, కలిసి ఏదో ఒకటి చేయండి. ‘ఇంట్లో ఏం జరిగింది’ అని తవ్వొద్దు. డబ్బు, ఫోన్ రీచార్జి అలవాటు చేస్తే ఆ స్నేహం అక్కడికే కుదించుకుపోతుంది.

కొన్నాళ్లకు చెప్పకుండా మానేస్తాడు. మీరూ వెళ్లిపోతారేమోనని పరీక్షిస్తున్నాడనుకోండి. ఇరవై నిమిషాలు ఆగి, తల్లికి ఫోన్ చేసి, వచ్చే వారం అదే వేళకి వెళ్లండి. ‘ఎందుకు రాలేదు’ అని నిలదీయకుండా ‘వచ్చావా, సంతోషం’ అనండి.

‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకండి. లైంగిక హింస సంగతి తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం (2012) ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లాడు చెప్పినంతే, వాడి మాటల్లోనే రాసిపెట్టండి. పదేపదే అడగొద్దు, నిందితుడి దగ్గరికి మీరు వెళ్లొద్దు.

ఊరు మారాల్సొస్తే కనీసం నెల ముందు చెప్పి, చివరి కలయిక ఏ రోజో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. పదో తరగతి పరీక్షల ముందు మాత్రం ఆపొద్దు.