ఆన్‌లైన్ కోర్సులో బ్లెండర్ అనే 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను. పాఠంలో చెప్పినట్లే చేసినా నా బంతి ఎగరకుండా తేలుతున్నట్లు ఎందుకుంది?

తేడా రెండు కీఫ్రేముల మధ్య ఉంది. కీఫ్రేము అంటే వస్తువు ఎక్కడుండాలో మీరే గుర్తుపెట్టిన ఫ్రేము. బంతి పైన ఎక్కడుండాలో, నేల మీద ఎక్కడుండాలో మీరు చెబుతారు. మధ్యలోని ఫ్రేములను బ్లెండరే నింపుతుంది. అలా నింపడానికి అది మామూలుగా బెజియర్ వంపు అనే నున్నటి గీతను వాడుతుంది. కాబట్టి ప్రతి కీఫ్రేము దగ్గర కదలిక నెమ్మదిస్తుంది. పైన అది సరైనదే, నిజమైన బంతి కూడా అక్కడ క్షణం ఆగినట్లుంటుంది. కానీ నేలను తాకేటప్పుడు దాని వేగం అన్నిటికంటే ఎక్కువ. మీ బంతి సరిగ్గా అక్కడే మెల్లగా వాలుతోంది.

కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరవండి. నేలను తాకే కీఫ్రేమును ఎంచుకుని, 'వి' నొక్కి, హ్యాండిల్‌ను (గీత వంపును నిర్ణయించే పిడిని) వెక్టర్ రకానికి మార్చండి. గుండ్రటి లోయలా ఉన్న గీతకు అక్కడ పదునైన మొన వస్తుంది. ఇప్పుడు ఆడించి చూడండి, బంతికి బరువు వచ్చేస్తుంది! ఆ తర్వాత ప్రతి ఎగురుకూ ఎత్తుతో పాటు ఫ్రేములనూ తగ్గించండి. చాలామంది ఎత్తు ఒక్కటే తగ్గిస్తారు.

పాఠం చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్లే అనిపిస్తుంది. అందుకే వీడియో మూసేసి, కొత్త ఫైలులో ఇదే బంతిని మళ్లీ చేయండి. ఎక్కడ చెయ్యి ఆగిపోతే ఆ ఒక్క భాగమే తిరిగి చూడండి.